ఉన్నిలో పట్టిన రంగు

ఇంగ్లండులోని యూలీ లోయలో రంగుల పనివాడు జేబెజ్ పెగ్లర్‌కి మనుషులు రెండే రకాలు. ఉన్నిలో రంగు పట్టినవాళ్ళు ఒక రకం, నేసిన తానులో రంగు పట్టినవాళ్ళు ఇంకో రకం. మూడో రకాన్ని దేవుడు పుట్టించలేదని ఆయన నమ్మకం. పాస్టరుగారు మొదటి రకం, పాస్టరుగారి తమ్ముడు రెండో రకం. సంతలో జున్ను అమ్మే ఆవిడ తూకంలో మోసం చేస్తుందని ఊరంతటికీ తెలుసు, అయినా ఆవిడా మొదటి రకమే. ఎందుకయ్యా అంటే, "ముప్పై ఏళ్ళుగా ఒక్కలాగే మోసం చేస్తోంది కదా, ఒక్కనాడైనా మారిందా?" అనేవాడు.

రంగుల పని తెలియనివాళ్ళకి ఇది చాదస్తంగా ఉంటుంది. గొర్రె మీంచి కత్తిరించిన ఉన్నిని కడిగి, నూలు వడకకముందే నీలిగాబులో ముంచితే రంగు ప్రతి వెంట్రుకకీ పడుతుంది. దాన్ని దువ్వి, వడికి, నేసి బట్ట చేశాక ఎక్కడ కోసినా, ఏ పోగు విప్పినా లోపలి దాకా నీలమే. అలా కాకుండా తెల్ల ఉన్నితో ముందే తాను నేసేసి, ఆ తర్వాత గాబులో ముంచేవాళ్ళూ ఉన్నారు. పని తొందరగా తెములుతుంది. పైకి చూస్తే రెండూ ఒకటే. కత్తెర పెడితే మాత్రం పోగు నడుమ తెల్లగా నవ్వుతుంది. తొడిగేకొద్దీ మోచేతుల దగ్గరా కుట్ల దగ్గరా ఆ తెలుపు బయటికొస్తుంది.

ఇప్పుడు పట్నాల్లో పత్రికలవాళ్ళు ఫలానా నాయకుడు 'డైడ్-ఇన్-ద-వూల్', అంటే ఉన్నిలోనే రంగు పట్టినవాడు, అని రాసేస్తున్నారు, చచ్చినా మారని మొండిఘటం అనే అర్థంలో. రాసేవాళ్ళలో ఒక్కడైనా నీలిగాబు కంపు పీల్చి ఉండడు. ఆ మాట పుట్టింది ఇలాంటి లోయల్లో, మోచేతుల దాకా నీలమైన మనుషుల నోట. మొదట దాన్ని బట్టల గురించే అనేవాళ్ళు. తర్వాత జేబెజ్‌లాంటివాళ్ళు మనుషులకీ తగిలించారు. ఆయన తన కన్నకొడుకుని కూడా వదల్లేదు.

కొడుకు పేరు నేథన్. తల్లి లేదు, ఒక్కడే కొడుకు. పదేళ్ళప్పటి నుంచీ తండ్రితో గాబు దగ్గరే నిలబడ్డాడు. ఫ్రాన్సుతో యుద్ధం రోజులవి. నౌకాదళం దొరలందరికీ నీలం కోట్లు కావాలి, యూలీ నీలం అంటే కళ్ళు మూసుకుని కొనేవాళ్ళు. పనికి లోటు లేదు. కానీ నేథన్ మనసు గాబులో లేదు. గుట్టెక్కితే దూరంగా మెరిసే సెవర్న్ నది మీదే ఉండేది. ఆదివారం ప్రార్థన అవగానే మాయమై, సాయంత్రానికి మోకాళ్ళ దాకా బురదతో తిరిగొచ్చేవాడు.

తిర్జాతో పెళ్ళి కుదిరినప్పుడు జేబెజ్ కొడుక్కి కోటు చేయించాడు. ఆషామాషీ కోటు కాదు. ఉన్ని తానే ఏరాడు. మూడుసార్లు ముంచి, మూడుసార్లు గాలికి ఆరేశాడు. గాబులోంచి తీసినప్పుడు ఉన్ని పచ్చగా ఉంటుంది, గాలి తగిలేకొద్దీ కళ్ళముందే నీలంగా మారుతుంది. ఆ మారడం చూస్తూ ముసలాయన చిన్నపిల్లాడిలా నిలబడిపోయాడని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. పెళ్ళినాడు కొడుకు భుజాల మీద దాన్ని సర్ది, "ఇది నీతోపాటు మట్టిలోకి పోవాలిరా. అందాకా ఒక్క పోగు రంగు దిగదు," అన్నాడు.

ఏడాది తిరక్కుండా నేథన్ బొగ్గుపడవ మీద పనికి కుదిరాడు.

ఆ రోజు రంగుశాలలో అందరూ ఉన్నారు. తిర్జా కూడా ఉంది. జేబెజ్ అరవలేదు. అరిచినా బాగుండేది. గాబులో కర్ర తిప్పుతూ, కొడుకు వైపు చూడకుండా, "తానులో ముంచిన రంగురా నీది. పైన నీలం, లోపల తెలుపు," అన్నాడు. నేథన్ కోటు తొడుక్కుని గుమ్మం దాటాడు. ఎదురు చెప్పని మనిషిని పట్టుకుని ఎవరైనా ఏం సముదాయిస్తారు?

అప్పటి నుంచి తండ్రీకొడుకుల మాటలన్నీ తిర్జా నోటి మీదుగా నడిచాయి. నేథన్ పడవ దిగి ఇంటికొచ్చినప్పుడు ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు.

"ఉప్పు ఇటు జరపమని నీ మొగుడితో చెప్పవే అమ్మాయ్."

"చేయి చాపితే ఆయనకే అందుతుందని మీ మామగారితో నువ్వే చెప్పు తిర్జా."

"మీ ఇద్దరి మధ్యా ఉప్పుకి బదులు నన్ను నంజుకోండి, సరిపోతుంది," అనేది తిర్జా. ఇద్దరికీ నవ్వొచ్చేది. ఒకరు నవ్వినట్టు ఇంకొకరికి తెలియకూడదని గిన్నెల్లోకి తలలు వంచుకునేవాళ్ళు.

నేథన్ స్థానంలో గాబు దగ్గర తిర్జా నిలబడింది. ఆమె చేతులూ మోచేతుల దాకా నీలమయ్యాయి, గోళ్ళు ఎంత తోమినా తెల్లబడలేదు. మామా కోడళ్ళు బాగానే కలిసిపోయారు. ఆమె మొదటి రకమని జేబెజ్ ఊరంతా చెప్పుకుని తిరిగాడు.

అంత నమ్మిన మామగారి దగ్గరే తిర్జా ఒక సంగతి దాచిపెట్టింది. పైగా ఆ సంగతి ఆయన నీలం గురించే.

* * *

సెప్టెంబరు చివర్లో పెద్ద పోటు వచ్చింది. సముద్రం నీళ్ళు గోడలా నదిలోకి ఎదురెక్కే రోజులవి. బొగ్గు వేసుకుని బయల్దేరిన నేథన్ పడవ ఆ పోటు తర్వాత ఏ రేవులోనూ కనిపించలేదు. ఇసుక మేటల మీద చుక్కాని చెక్క దొరికిందన్నారు. ఇద్దరు పడవవాళ్ళ శవాలు తేలాయన్నారు, వాళ్ళలో నేథన్ లేడు. తిర్జా రోజూ గుట్టెక్కి చూసేది. జేబెజ్ ఎక్కేవాడు కాదు. గాబులో రంగు పులవడానికి తవుడు వేసి, సున్నం వేసి, కర్ర తిప్పి, మళ్ళీ తిప్పేవాడు. అక్కర్లేకపోయినా తిప్పేవాడు.

అక్టోబరులో ఒక పొద్దున తిర్జా ఏటి దగ్గర ఉన్ని జాడించి ఇంటికొచ్చేసరికి మామగారు లేరు. గోడ మీది కొక్కేనికి ఉండే చిన్న కత్తెరా లేదు. పక్కింటి కెజియా గుమ్మంలో నిలబడి ఉంది. కెజియా నేతగాడి పెళ్ళాం, మొగుడు పోయాక మగ్గం తనే నడుపుతోంది. ఆ మనిషి నోరు మగ్గం కన్నా ఎక్కువ ఆడుతుంది. ఆ పూట మాత్రం నోరు పెగల్లేదు.

"ఏమైందక్కా? మామ ఏడీ?"

"కూర్చో ముందు."

"కూర్చోను. చెప్పు."

"నది ఒడ్డూరి నుంచి కబురొచ్చింది తల్లీ. ఇసుక మీద ఎవరో కొట్టుకొచ్చారంట. మొహం ఆనవాలు పట్టడానికి లేదంట. ఒంటి మీద నీలం కోటుందంట." ఆమె తిర్జా చేతులు పట్టుకుంది. "నువ్వు చూడకూడదని, నీకు చెప్పకుండానే మీ మామ బయల్దేరాడు. పోగు కోసి చూస్తానన్నాడు. 'నా కొడుకు కోటైతే లోపలి దాకా నీలం ఉంటుంది, తెల్లగా ఉంటే ఎవడో పరాయివాడు' అన్నాడు. పాస్టరుగారు కూడా ప్రార్థన చేస్తున్నారే. అందరం చేస్తున్నాం, తెల్లగా ఉండాలని."



"ఎంతసేపైంది వెళ్ళి?" అంది తిర్జా.

"పాలబండి మీద వెళ్ళాడు. ఈపాటికి గుట్ట దాటేసుంటాడు. పరిగెత్తినా అందుకోలేవు. నీళ్ళు తాగు."

తిర్జా రంగుశాలలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గాబు పక్కన నేల మీద కూలబడింది. తెల్లగా ఉండకూడదు. దేవుడా, తెల్లగా ఉండకూడదు. ఊరంతా తెలుపు కోసం మోకాళ్ళ మీదుంటే ఆమె ఒక్కతే నీలం కోసం వేడుకుంది.

ఎందుకంటే నేథన్ ఒంటి మీద ఉన్నది తండ్రి చేయించిన కోటు కాదు.

కిందటి జనవరిలో తిర్జాకి ఆడపిల్ల పుట్టింది. కానుపు కష్టమైంది. పిల్ల ఒక పూట బతికింది. పాస్టరుగారు పొరుగూరు వెళ్ళారు, బాప్తిస్మం ఇచ్చే దిక్కు లేకపోయింది. బాప్తిస్మం లేని పసిబిడ్డకి చర్చి దొడ్లో మంచి చోటు ఇవ్వరు, ప్రార్థనా చదవరు. చీకటిపడే వేళకి ఉత్తరపు గోడ వారన గుంట తీసి పెట్టుకొమ్మన్నారు. జేబెజ్ అప్పుడు జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడున్నాడు. నేథన్ ఒక్కడే బిడ్డని ఎత్తుకుని వెళ్ళాడు.

తిరిగొచ్చేటప్పటికి ఒంటి మీద చొక్కా ఒక్కటే ఉంది. బయట నేల రాయిలా గడ్డ కట్టింది. పెదాలు వణుకుతున్నాయి. మంచం మీది తిర్జా, "కోటేదయ్యా?" అంది.

"పిల్లకి చుట్టానే," అన్నాడు. "గుంటలో మంచుంది తిర్జా. ఉత్త గుడ్డతో ఎలా పెట్టమంటావు? చలేస్తుంది కదా." చచ్చిపోయిన బిడ్డకి చలేమిటని ఇద్దరిలో ఎవరూ అనలేదు. తర్వాత అతను ఆమె మంచం అంచున కూర్చుని ఏడ్చాడు. ఆ ఏడుపు ఆమె ఇంకెవరికీ చెప్పుకోలేదు.

జేబెజ్ జ్వరం తగ్గి లేచేలోపు నేథన్ గ్లాస్టర్ సంతలో అలాంటిదే ఒక కోటు కొన్నాడు. తానులో ముంచిన బట్ట. తండ్రికి చెబుదామని తిర్జా అంది. "వద్దు," అన్నాడు నేథన్. "ఆయన బట్టని కూడా వదిలించుకున్నాననుకుంటాడు. లేదా పిల్ల సంగతి తలచుకుని ఏడుస్తాడు. రెండూ నేను చూడలేను." ముందు పండగ పోనీ అనుకున్నారు, తర్వాత కోత పోనీ అనుకున్నారు. చెప్పడం అలా వెనకపడింది.

దాచడం మాత్రం తిర్జా శ్రద్ధగా దాచింది. కోటు కుట్ల దగ్గర తెల్లబడినప్పుడల్లా గాబులోంచి కాస్త నీలం గుడ్డముక్కతో తీసుకుని అద్దేది. మామగారి చూపు మందగించింది కూడా. ఒకసారి ఆయన కొక్కేనికి వేలాడుతున్న ఆ కోటు చేయి సవరదీసి, "చూశావటే, నిన్న ముంచినట్టుంది. అదీ ఉన్నిలో పట్టిన రంగంటే," అన్నాడు. నేథన్ చెక్కబీరువా వెనక్కి వెళ్ళి నోట్లో గుడ్డ కుక్కుకుని నవ్వాడు. తిర్జాకి మాత్రం నవ్వు రాలేదు.

తానులో ముంచిన కోట్లు లోకంలో ఎన్ని లేవు అని ఆమె ఇప్పుడు తనకి తాను చెప్పుకుంది. తెల్లగా ఉన్నంత మాత్రాన నేథనే అవ్వాలని ఏముంది? మధ్యాహ్నం దాకా అదే మాట పట్టుకుని కూర్చుంది. లేచి గాబులో తవుడు వేసింది, వేసిందో లేదో గుర్తులేక మళ్ళీ వేసింది.

* * *

మధ్యాహ్నం వాలాక వీధి చివర కేకలు వినిపించాయి. కెజియా పరుగు పెట్టింది. రాట్నాలు వదిలేసి ఆడవాళ్ళూ, మగ్గాలు వదిలేసి మగవాళ్ళూ వీధిలోకొచ్చారు. జేబెజ్ పెగ్లర్, నడవడానికే ఆయాసపడే మనిషి, టోపీ చేత్తో ఊపుతూ వస్తున్నాడు.

"తెలుపు!" అని అరుస్తున్నాడు. "తెల్లగా ఉందర్రా! నడిమధ్యన పాలలా తెలుపు!"

తిర్జా గుమ్మం పట్టుకుంది. పట్టు దొరకలేదు. కెజియా పట్టుకోబట్టి నేల మీద పడలేదు.

"సంతోషం పట్టలేకపోయింది పిచ్చిది," అంది కెజియా ఏడుస్తూ నవ్వుతూ. "నీళ్ళు తెండర్రా!"

జేబెజ్ ఇంట్లో జనం నిండారు. ఆయన సైడర్ అనే ఆపిల్ సారా పీపా తెరిపించాడు, వచ్చినవాడికల్లా పోశాడు. కత్తెర తీసి, కోసి తెచ్చిన ముక్కని అందరికీ చూపించాడు. పైన నీలం, నడుమ తెలుపు. చేయి మారి చేయి మారి ఆ ముక్క తిర్జా దాకా వచ్చింది. ఆమె దాన్ని గుప్పిట్లో మూసుకుంది. మళ్ళీ ఇవ్వలేదు.

"అక్కడి కానిస్టేబుల్, వింటల్ అని, మంచివాడే. 'ఈ కోటు మీవాడిదే కదా పెద్దాయనా' అన్నాడు. 'ఉండవయ్యా' అన్నాను. అంచు కోశాను. 'ఇదిగో, చూసుకో' అన్నాను. తెల్లబోయాడు. 'బట్టలో ఇంత కథుందా?' అన్నాడు." జేబెజ్ పగలబడి నవ్వాడు. అంతలోనే గొంతు తగ్గించాడు. "పాపం, వాడెవడో గాని. వాడికీ ఎక్కడో పెళ్ళాం ఉండే ఉంటుంది. చంక కింద చినిగితే ఎంత ఓపిగ్గా రఫు చేసిందో! పోగు పక్కన పోగు, అల్లినట్టు. అంత పనిమంతురాలు గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తుంటుంది. రేపు పొద్దున్నే దిక్కులేనివాళ్ళ మూలలో పెట్టేస్తారంట. పేరు కూడా ఉండదు."

ఎవరో టోపీ తీశారు. ఎవరో ఆమెన్ అన్నారు.

తిర్జాకి ఆ తర్వాత మాటలు వినిపించలేదు. వేసవిలో పడవ తాడు లాగుతుంటే నేథన్ కోటు చంక కింద చినిగింది. అతను చేతులు పైకెత్తి నిలబడితే, కోటు ఒంటి మీదుండగానే ఆమె రఫు చేసింది. చక్కిలిగింతలని గోల చేశాడు. సూది గుచ్చుతానని బెదిరించింది. లోకంలో తానులో ముంచిన కోట్లు ఎన్నైనా ఉండనీ, ఆ రఫు మాత్రం ఒక్క కోటుకే ఉంది.

"వాడు రానీ," అంటున్నాడు జేబెజ్. "ఎక్కడో ఏ పడవో ఎక్కించుకుని ఉంటుంది. వచ్చాక గాబు దగ్గరికి రమ్మని అనను. ఇష్టమైతే వస్తాడు, లేకపోతే లేదు. ఉప్పు మాత్రం నేనే అడుగుతాను. ఒరే నేథన్, ఉప్పు ఇటివ్వరా, అంటాను." అని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. "నోటికొచ్చిన మాట అనేశానర్రా ఆ రోజు. మూడేళ్ళు మోశాను దాన్ని."

అందరూ వెళ్ళిపోయేసరికి పొద్దు గుట్ట వెనక్కి దిగుతోంది. జేబెజ్ కుర్చీలో కాళ్ళు చాపుకుని, ఖాళీ గ్లాసు పొట్ట మీద పెట్టుకుని కూర్చున్నాడు. అంత తృప్తిగా ఆయన్ని ఆమె చూసి ఎన్నాళ్ళో అయింది. ఈ ఒక్క రాత్రి ఉంచుదామా అనిపించింది. ఉంచితే తెల్లారేసరికి నేథన్ పేరు లేని మట్టిలో ఉంటాడు.

"మామా," అంది.

"చెప్పమ్మా."

"అది ఆయనే మామా."

ముసలాయనకి అర్థం కాలేదు. నవ్వుమొహంతోనే చూశాడు. ఆమె నిలబడే చెప్పింది. పిల్ల, గుంట, మంచు, చొక్కాతో తిరిగొచ్చిన నేథన్, గ్లాస్టర్ సంత, గాబులోంచి తీసి అద్దిన నీలం. చెబుతున్నంతసేపూ గుప్పిట్లో ఆ ముక్క నలుగుతూనే ఉంది. చివర రఫు సంగతి చెప్పింది.

జేబెజ్ గ్లాసు కింద పెట్టాడు. "అబద్ధం," అన్నాడు. "నేను నా చేత్తో కోశాను. నా కళ్ళతో చూశాను. ముప్పై, నలభై ఏళ్ళుగా పోగులు కోస్తున్నాను, నాకు చెబుతావా? ఏడ్చి ఏడ్చి నీకు మతి తప్పిందే!"

"మతి తప్పితే బాగుండు మామా."

"నోర్ముయ్."

 చాలాసేపటికి ఆయన, ఇంకెవరి గొంతో తెచ్చుకున్నట్టు, "ఆ రోజు... చొక్కాతోనే వచ్చాడా?" అన్నాడు.

"చొక్కాతోనే."

"నేల గడ్డ కట్టింది కదా అప్పుడు. నేను కప్పుకున్న దుప్పట్లు చాల్లేదు." ఆయన తన నీలం చేతుల్ని చూసుకున్నాడు. "అయితే నా కోటు పిల్ల దగ్గరుందా?"

"పిల్ల దగ్గరే ఉంది."

"ఆ రఫు ఏ నూలుతో చేశావు?"

"మన నూలే. మీరు ముంచి ఇచ్చిన ఉన్నే, నేను వడికాను."

జేబెజ్ లేచాడు. "రేపు ఆ రఫు కోస్తాను. అది తెల్లగా ఉంటే, ఇంకెప్పుడూ ఈ మాట నా ముందు ఎత్తకూడదు," అన్నాడు.

"నీలంగా ఉంటే?"

ఆయన రంగుశాలలోకి వెళ్ళాడు. గాబులో కర్ర తిరుగుతున్న చప్పుడు వినపడింది. దాన్ని వింటూనే ఆమె దీపం వెలిగించింది.

* * *

పొద్దున్నే పాలబండి మీద ఇద్దరూ బయల్దేరారు.  గుట్ట మీదికొచ్చాక నది కనిపించింది. బూడిదరంగులో, ఏమీ ఎరగనట్టు. జేబెజ్ ఆ వైపు చూడలేదు.

శవాన్ని సత్రం వెనక కొట్టంలో ఉంచారు. చెక్కపెట్టె మూత ఇంకా బిగించలేదు. గుంట తవ్వేవాళ్ళు గోడ నీడన రొట్టె తింటున్నారు. వింటల్ లావుపాటి మనిషి, మెడకి ఎర్ర రుమాలు కట్టుకున్నాడు. వాళ్ళని చూసి విసుక్కోబోయి ఆగాడు.

"మళ్ళీ వచ్చావేం పెద్దాయనా? నిన్న అంత గట్టిగా కాదన్నావు. నువ్వేగా నాకు బట్టల పాఠం చెప్పింది?"

"సగమే చెప్పాను," అన్నాడు జేబెజ్.

"ఆడమనిషిని లోపలికి రానివ్వను. చూడగలిగే స్థితిలో లేడు."

"కోటు చూస్తాను బాబూ, అంతే," అంది తిర్జా. "మొహం మీద గుడ్డ అలాగే ఉండనీ."

వింటల్ మూత పక్కకి జరిపాడు. ఉప్పునీటికీ బురదకీ కోటు బిగుసుకుపోయింది. తిర్జా వంగి, ఎడమ చేయి పక్కన బట్ట సవరించి, చంక కిందికి వేలు పెట్టింది. వేలికి రఫు తగిలింది. కళ్ళు మూసుకున్నా ఆ పోగులు లెక్కపెట్టగలదు. "ఇక్కడ మామా," అంది. ఆమె గొంతు నిలకడగా ఉన్నందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

జేబెజ్ కత్తెర తీశాడు. ఎన్నో వేల పోగులు కోసిన చేయి. ఆ రోజు మొదటిసారి కత్తెర జారింది. రెండోసారి కోశాడు. ఒక్క పోగు, గోరంత. దాన్ని నాలుక మీద తడి చేసి, వేళ్ళతో పురి విప్పాడు. కొట్టం తలుపు దగ్గరికి వెళ్ళి వెలుతురులో పట్టుకున్నాడు. విప్పిన వెంట్రుకని మళ్ళీ విప్పాడు. ఇంక విప్పడానికి ఏమీ మిగలనిదాకా విప్పాడు.

తిర్జా ఆయన వీపు చూస్తూ నిలబడింది. లోపల ఎక్కడో, తనకి అంతా తెలిసి కూడా, తెల్లగా ఉందనాలని ఆశపడింది. ఆయన భుజాలు కిందికి దిగడం చూసింది.

"నాదే," అన్నాడు జేబెజ్.

తర్వాత ఆయన ఆ పెట్టె పక్కన మోకాళ్ళ మీద పడిపోయాడు. నిన్న అరిచిన గొంతే, అంత గట్టిగానూ ఏడ్చింది. రొట్టె తింటున్నవాళ్ళు తినడం ఆపేశారు. తిర్జా ఆయన పక్కన కూర్చుంది. ఏడుపు ఆమెకీ వచ్చింది, ఇన్నాళ్ళకి. ఆయన తల తన భుజానికి ఆన్చుకుని ఏడ్చింది.

వింటల్ కాసేపు బయట తిరిగొచ్చాడు. రుమాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. "తప్పదు పెద్దాయనా, పైవాళ్ళకి చెప్పాలి. పేరు?"

"నేథన్ పెగ్లర్. యూలీ."

"పని?" వింటల్ జేబెజ్ చేతులవైపు చూశాడు, తిర్జా చేతులవైపు చూశాడు. నాలుగు చేతుల నిండా ఉన్న అంత నీలం దాచడం కుదరదు. "రంగుల పనే కదా? మీ ఇంటి పని."

"కాదు," అన్నాడు జేబెజ్. "పడవవాడు."

"అలాగే చెబుతాను."

"అలాగే చెప్పు. మూడేళ్ళ కిందట నేను ఇంకోలా అన్నాను. నాకు చూడటం చేతకాలేదు." ఆయన పెట్టె అంచు పట్టుకుని లేచాడు. "వాడు ఉన్నిలోనే పడవవాడయ్యా. పదేళ్ళప్పటి నుంచీ, ఏ పోగు విప్పినా అదే. నేనే గాబులో ముంచీ ముంచీ పైన నా రంగు పూశాను."

నేథన్‌ని యూలీకి తీసుకుపోతామన్నారు. ఉత్తరపు గోడ వారన, పిల్ల పక్కన. పాస్టరుగారు కాదంటే అప్పుడు చూసుకుందామని జేబెజ్ అన్నాడు. వింటల్ తన బండి ఇచ్చాడు, గుంట తవ్వేవాళ్ళు పెట్టె ఎత్తడానికి సాయం పట్టారు. మూత బిగించబోతుంటే జేబెజ్ ఆపమన్నాడు. తన కోటు గుండీలు విప్పాడు. చివరి గుండీ తిర్జా విప్పింది. అది నేథన్ పెళ్ళికోటుకి తీసిన ఉన్నిలోదే, అదే గాబులో, అదే ఏడాది ముంచినది. దాన్ని కొడుకు మీద పరిచి, మెడ దగ్గర దోపి, అంచులు సర్దాడు. పెళ్ళినాడు భుజాల మీద సర్దినట్టే సర్దాడు.

గుట్ట ఎక్కేటప్పుడు గాలి మొదలైంది. ఇద్దరూ బండి వెనక నడుస్తున్నారు. జేబెజ్ చొక్కా వీపుకి అంటుకుపోయింది. పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు తిర్జాకి వినిపిస్తోంది. ఆమె తన శాలువా తీసి ఆయన భుజాల మీద వేయబోయింది. ఆయన మెల్లగా దాన్ని పట్టుకుని తిరిగి ఆమెకే కప్పాడు.

"చలి మామా. జ్వరం తిరగబెడుతుంది."

"వాడు జనవరిలో నడిచొచ్చాడమ్మా," అన్నాడు జేబెజ్. "ఇది ఇంకా అక్టోబరే."